చప్పుడుకన్నా ముందు

"ముందు ముక్కు బిగించు. ఎగ్జిట్ సంగతి తర్వాత," అన్నాడు మస్తాన్ వలీ.

"అప్పుడు రెక్కలన్నవ్, ఇప్పుడు ముక్కంటున్నవ్! నా పెండ్లాం అంజవ్వ లేకలేక కడుపుతోని ఉన్నది సాబ్. ఈ నెలల్నే కాన్పు. అటు రాకెట్లు, ఇటు నువ్వు! నేను ఇల్లు చేరుడెట్ల?" భోజన్న సుత్తి విసిరికొట్టాడు.

జెద్దా శివారు ఎడారిలో ఉంది ఆ షెడ్డు. బయట గల్ఫ్ యుద్ధం. లోపల, చప్పుడుకన్నా వేగంగా పోయే కొత్తరకం బాంబర్ తయారీ. విదేశీ ఇంజనీర్లు గీసిచ్చిన బొమ్మ ప్రకారం ముందు అంతెత్తు చెక్క నమూనా చేయాలి. కొలతలు కుదిరితే ఆనక లోహంతో అసలుది. భోజన్న జగిత్యాల వడ్రంగి. పనివాళ్ల మీద పెత్తనమంతా కడప మస్తాన్ వలీది. అతను చెబితే తప్ప ఎవరికీ ఎగ్జిట్ ముద్ర పడదు, ముద్ర పడందే దేశం దాటే దారి లేదు. ఇంకేముంది, ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది!

"ఇంగో మాట. ఈడ ఏం చేస్తాండామో బయట పొక్కిందా, తల తెగుతాది. షరఫియా బజార్లో నోరు జాగ్రత్త," అన్నాడు వలీ.

"శుక్రవారం వస్తే బండి పెట్టి షరఫియాకు తోలేది నువ్వే. మళ్ల నోరు జాగ్రత్తంటవ్!"

"మనుషులు కదా, గాలి తిరుక్కుని రానీలే అని తోలుతా. నోరు మూసుకుని పని చూడు."

ఆ శుక్రవారం భోజన్న కడుపుమంటతోనే షరఫియా హోటల్లో కూర్చున్నాడు. మనవాళ్లు, పాకిస్తానీలు, యెమెన్ వాళ్లు... ఇసుకేస్తే రాలనంత జనం. యుద్ధం కబుర్లన్నీ అక్కడే పుట్టి అక్కడినుంచే ఊళ్లు తిరుగుతాయి. "ఏం పని చేస్తాండావన్నా?" అని టైలర్ ఓబులయ్య అడిగాడో లేదో, కట్ట తెగింది. వలీ కొలువు ఊడాలన్న కసితో రెక్కలు, ముక్కు, వేగం అన్నీ కక్కేశాడు.

"బాంబు పడ్డంకనే చప్పుడు ఇనిపిస్తదట!"

హోటలంతా నోరెళ్లబెట్టింది. భోజన్న కడుపు చల్లబడింది.

వారం తిరక్కుండానే వలీ ఆఫీసుకు పిలిపించాడు. బల్ల మీద రేడియో గురగురమంటోంది.

"పొద్దున శత్రువుల రేడియోలో మన బాంబర్ మాట వచ్చింది. చప్పుడుకన్నా ముందు బాంబు పడతాదంట. ఎవురు చెప్పినారు?"

భోజన్న అబద్ధమాడదామనుకున్నాడు గానీ కోపమే గెలిచింది.

"నేనే చెప్పిన! పెండ్లాం మొఖం చూడనియ్యకపోతివి. ఇగ తల తీస్తవో, జైల్ల ఏస్తవో నీ ఇష్టం!"

వలీ సొరుగు లాగి, పాస్‌పోర్టు తీసి అతని మీదికి విసిరాడు. లోపల ఎగ్జిట్ ముద్ర, మర్నాటి టికెట్టు!

"పో. పని అయిపాయ. షెడ్డు పీకేస్తాండాం."

"ఏడ అయింది పని? చెక్కదే అయింది, అసలుది మొదలే పెట్టలే గద!"

వలీ ఎగాదిగా చూశాడు.

"అది ఎగిరేదానికి కాదురా, నువ్వు బయట వాగేదానికి కట్టించినాం."