సోమవారానికి డెబ్బై

గొర్రెలను తూచే కాటా మీద నుంచి దిగి, అమ్మ ఫోన్ నా చేతికిచ్చింది. ఆమెకు చదవడం రాదు. బరువు తగ్గేవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆమె మాటలు నేనే టైపు చేస్తాను.

"ఇంకా డెబ్బైరెండు దగ్గరే ఉండానని పెట్టు పాపా. సోమవారానికి డెబ్బై కావాలని గూడా పెట్టు."

కాటా ఫోటో తీసి పెట్టాను. ఆత్మకూరు నుంచి రేణుకాదేవి వాయిస్ వెంటనే వచ్చింది. "ఆదిశేషక్కా, గొర్రెల కాటా ఎక్కినావు సరే, కిలో ఎంతకిస్తావు?"

అమ్మ పడీ పడీ నవ్వింది. రెండు నెలలుగా రాత్రిపూట మజ్జిగతోనే సరిపెట్టుకుంటోంది. నవ్వేసరికి ఆయాసం వచ్చి అరుగు మీద కూర్చుంది.

"అయినా సోమవారం ఏముండాదక్కా? ఉదయగిరిలో ఎవురిదన్నా పెళ్ళా?"

అమ్మ నా వైపు చూడలేదు. "పాత జాకెట్టు పట్టాలని రాయి."

రాశాను.

"ఓయమ్మ! దానికింత పస్తెందుకక్కా? రెండు కుట్లు ఇప్పుకుంటే పట్టదా!"

సోమవారం చెన్నై ఆసుపత్రిలో అమ్మను తూస్తారు. డెబ్బైకి దిగితేనే ఆమె కాలేయంలో సగం కోసి నాకు పెడతారు.

ఇక చాలమ్మా, అన్నం తిను అని నేను అనాలి.

ఫోన్‌లో నవ్వే బొమ్మ వెతికి పంపాను.