పదిహేడో వరస

“తలుపు మూశాక మనకు చుట్టాలుండరు, పక్కాలుండరు. సీటు నంబర్లుంటాయి, అంతే.”

స్కేలు మేడమ్ ఆ మాట పొద్దున్నే చెప్పేసింది. చవక టికెట్ల విమానంలో సిబ్బంది నవ్వొక్కటే ఉచితం. ఆ నవ్వును కూడా కొలుస్తుంది కాబట్టి ఆవిడకు ఆ పేరు స్థిరపడిపోయింది.

సిబ్బంది ఇంటివాళ్లెవరైనా ఎక్కుతుంటే ముందే చెప్పి డ్యూటీ మార్చుకోవాలని రూలు. పోయిన నెల ఒకతను చెప్పలేదు సరికదా, మావయ్యకు మంచినీళ్ల సీసా ఊరికే ఇచ్చాడు. సాయంత్రానికి మావయ్యా మేనల్లుడూ ఒకే బస్సులో ఇంటికెళ్లారు.

ఇవాళ కొత్తమ్మాయికి పరీక్ష. చేరి ఇరవై రోజులైంది. మేడమ్ కాగితం మీద మూడు ఎర్ర గీతలు పడితే ఉద్యోగం ఊడినట్టే. ఇంటికి ఆ జీతమే ఆధారమని ఇంటర్వ్యూలో చెప్పుకుంది పాపం. కానీ గీత గీతే.

మొదటిది ప్రయాణికులు ఎక్కుతుండగానే పడింది. అందరికీ స్వాగతం చెబుతున్న పిల్ల, ఆరు నెలల పాపను ఎత్తుకొచ్చిన పెద్దావిడను చూసి కొయ్యబారిపోయింది. పెద్దావిడ ఏదో అనబోయి మింగేసింది.

“మూడు సెకన్లు నవ్వు లేదు,” అంది మేడమ్ గీత గీస్తూ. “పసిపిల్లలంటే భయమా?”

“లేదు మేడమ్.”

భయమే. మేడమ్‌కి మనుషులు తెలుసు. పదిహేడో వరసలో పాపకు చిన్న బెల్టు కడుతూ ఆ అమ్మాయి రెండుసార్లు కొక్కెం తప్పింది. పాప ఆమె మెడలోని స్కార్ఫు పట్టుకుని వదల్లేదు. పాప మొహం వంక చూడకుండా ఒక్కో వేలే విడదీసి, వడివడిగా ముందుకొచ్చేసింది.

విమానం పైకి లేచింది. పాప గొంతు అంతకంటే పైకి లేచింది.

చెవులు నొప్పెట్టాయేమో, పెద్దావిడ పాలసీసా నోటికందిస్తే తోసేసింది. తల అటూ ఇటూ తిప్పుతూ గుక్కపట్టి ఏడ్చింది. బెల్టు లైటు ఆరగానే కొత్తమ్మాయి లేచి, యూనిఫాం కోటు తొడుక్కుని మెడదాకా బొత్తాలు పెట్టుకుంది.

“ఈ ఉక్కలో కోటేమిటి?”

“చలిగా ఉంది మేడమ్.”

నుదుటి మీద చెమట. చూస్తూ చూస్తూ అబద్ధం. రెండో గీత పడింది.

పదహారో వరస పెద్దమనిషి గంట వరసగా మూడుసార్లు నొక్కాడు. “ఇది విమానమా, సంతా? పది నిమిషాల్లో ఆ గోల ఆపించండి. లేకపోతే కంప్లైంట్ రాసేస్తాను!”

మేడమ్ కొత్తమ్మాయి వైపు తిరిగింది. “ఆ కంప్లైంట్ వచ్చిందంటే మూడో గీత నేను గీయక్కర్లేదు. ఆయనే గీసినట్టు.”

కొత్తమ్మాయి పెదవి కొరుక్కుంది. “వెనక్కి తీసుకెళ్లి ఓసారి ఊరుకోబెట్టనా మేడమ్?”

“ఎత్తుకోవడం వచ్చా అసలు?”

“ప్రయత్నిస్తాను.”

పెద్దావిడ అడిగీ అడగకముందే పాపను అందించింది. కొత్తమ్మాయి విమానం చివరనున్న వంటగదిలోకి వెళ్లి కర్టెన్ లాగేసుకుంది.

ఏడుపు ఒక నిమిషం వినిపించింది. తర్వాత కత్తితో కోసినట్టు ఆగిపోయింది.

మేడమ్ వాచీ చూసుకుంది. రెండు నిమిషాలు. ఐదు. తొమ్మిది. ఆ నిశ్శబ్దం ఏడుపుకంటే ఎక్కువ భయపెట్టింది. ఎత్తుకోవడం రాని పిల్ల, పైగా ఉద్యోగం పోతుందన్న కంగారు. నోరు గానీ మూసేయలేదు కదా! మేడమ్ గబగబా వెనక్కి నడిచింది.

“ఒక్క నిమిషం మేడమ్! లోపలికి రాకండి!”

మేడమ్ కర్టెన్ పక్కకు లాగేసింది.

పాప కొత్తమ్మాయి భుజం మీద నిద్రపోతోంది. నిక్షేపంలా ఉంది. బుగ్గలు ఎర్రగా, ఊపిరి నెమ్మదిగా. ఆ అమ్మాయి కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి.

“ఏం చేశావు?”

“ఏం లేదు మేడమ్. వీపు నిమిరాను.”

మేడమ్ ఊపిరి పీల్చుకుంది. అలవాటుకొద్దీ ఆ పిల్లను పైనుంచి కిందికి కొలిచింది. “బొత్తాం తప్పు కాజాలో పెట్టావు. సరిచేసుకో.” ఎర్ర పెన్ను తీయబోయి, ఎందుకో మానేసింది.

దిగేదాకా పాప కదల్లేదు. పదహారో వరసాయన కూడా గురక పెట్టాడు.

విమానం ఆగాక మేడమ్ కాగితం పూర్తి చేసింది. ‘నవ్వు: మెరుగుపడాలి. దుస్తులు: శ్రద్ధ తక్కువ. పసిపిల్లలను సముదాయించడం: అద్భుతం. ఉద్యోగానికి అర్హురాలు.’ సంతకం చేసి, కవరులో పెట్టి అంటించేసింది. ఇరవై ఏళ్ల సర్వీసులో ఆవిడ ‘అద్భుతం’ అని రాయడం ఇదే మొదలు.

పెద్దావిడ సంచి మోయడానికి కొత్తమ్మాయి మెట్లు దిగి బస్సు దాకా వెళ్లింది. ఖాళీ సీట్లు చూసుకుంటూ వస్తున్న మేడమ్‌కి పదిహేడో వరసలో పాలసీసా దొరికింది. నిండుగా ఉంది. గుక్కెడైనా తగ్గలేదు.

పసిదానికి ఆకలేస్తే ఎలా అని మేడమ్ సీసా పట్టుకుని తనే మెట్లు దిగింది. వాళ్లిద్దరూ అటు తిరిగి నిలబడి ఉన్నారు.

“ఈ విమానమే ఎందుకెక్కావని తిడదామనుకున్నాను గానీ,” అంటోంది కొత్తమ్మాయి, “నా కూతురు నన్ను మర్చిపోలేదే అమ్మా!”