రెండో మెట్లదారి

"ఆ రెండో మెట్లదారి తీసెయ్యండమ్మా," అన్నాడు చీఫ్ ఇంజనీరు.

డిజైనరమ్మ తల ఎత్తలేదు. బల్ల మీద అట్టముక్కలతో చేసిన ఇల్లు ఉంది. ఒక్కో గదీ ఒక్కో పెట్టె. ఫ్యాక్టరీలో కాంక్రీటుతో పోతపోసి, లారీ మీద తెచ్చి, క్రేనుతో ఎత్తి ఒకదాని మీద ఒకటి పేర్చేస్తే ఇల్లయిపోతుంది. కూలీనాలీ చేసుకునేవాళ్లకి అందే ఇల్లు. అంతస్తుకి ఎనిమిది పెట్టెలు, అందరికీ కలిపి ఒక వంటగది, ఒక హాలు.

"ఆ మెట్ల చోట్లో ఆరు గదులొస్తాయి. అంటే ఆరు కుటుంబాలు. వాళ్లని వానలో నిలబెట్టి, ఎవరికోసమమ్మా ఈ మెట్లు?"

"లేకపోతే వాళ్లు ఒప్పుకోరు సార్."

"ఎవరు వాళ్లు?"

"ముందు కట్టిన పెట్టె ఇంట్లో ఉన్నవాళ్లు. రోజూ వెళ్లి కూర్చుంటున్నాగా."

ఆయన ఆమె చీర అంచు చూశాడు. "బొగ్గుల కొట్లో కూర్చున్నట్టుంది."

"నేల మీద కూర్చుంటాను సార్."

ఆమె పద్ధతే అంత. ఆ ఆఫీసులో చేరి నాలుగు నెలలు. ఇళ్లలో ఉన్నవాళ్ల పక్కన కూర్చోకుండా గీత గీయదు. ఆయన అందుకు పూర్తిగా విరుద్ధం. కట్టిన ఇళ్ల వైపు వెళ్లడం ఎప్పుడో మానేశాడు. సారుకి ఎండ పడదని ప్యూను చాటుగా నవ్వుతాడు.

"ఎల్లుండి పోత మొదలు. అచ్చులు తయారయ్యాక బ్రహ్మదేవుడు దిగొచ్చినా ఏదీ మారదు," అన్నాడాయన. "రేపు పదింటికల్లా వాళ్ల సంతకాలు తెండి. తెస్తే మెట్లుంటాయి. తేకపోతే ఊడతాయి."

సాయంత్రం నాలుగింటికే ఆమె ఆ పెట్టె ఇంటి మూడో అంతస్తు ఎక్కింది. గోడల రంగేమిటో తెలియని హాలు. ఎప్పుడు వెళ్లినా అందరూ అక్కడే ఉంటారు. పనికెళ్లారనో, బజారుకెళ్లారనో ఒక్కరినీ వెతుక్కోనక్కర్లేదు.

"మెట్లు తీసెయ్యమంటున్నారు," అంది.

బస్సు కండక్టరు తుళ్లిపడ్డాడు. "ఏ బస్సుకైనా ఒక్క తలుపే ఉంటుందా అమ్మాయీ? ముందు తలుపు దగ్గర తోసుకుంటుంటే వెనకవాళ్లు ఎటు దిగాలి? మీ సారు బస్సెక్కిన మొహమేనా?"

"తలుపు బయటికి తెరుచుకోవాలని రాశావా?" అంది టైలరమ్మ. "లోపలికి తెరుచుకునేదైతే, వెనక నలుగురు ఆనుకుని ఉంటే ఎవరు లాగుతారే తల్లీ?"

"నువ్వొక్కదానివి ఆనుకుంటే చాల్లే, నలుగురెందుకు?" అన్నాడు కండక్టరు.

"నోరు ముయ్యవయ్యా. నా ఒంటి కొలత నాకు తెలుసు, నీ నోటి కొలతే ఎవడికీ తెలీదు."

అందరూ నవ్వారు. ఆ నవ్వు గోడలకి తగిలి తిరిగి రాలేదు.

"హాలుకి తాళం వద్దు," అన్నాడు ట్యూషన్ మాస్టారు. ఎప్పుడూ అదొక్కటే మాట అంటాడు. "ఊడ్చే వంతు కోసం కొట్టుకున్నాం. విసుగొచ్చి తాళం నేనే వేశాను. బుద్ధి తక్కువై వేశాను."

"ఊరుకోండి మాస్టారూ," అంది టైలరమ్మ మెత్తగా. "ఎన్నిసార్లని చెప్పుకుంటారు?"

కొత్తజంట మూల గది అడిగింది, వంటగదికి దూరంగా. కండక్టరు దగ్గాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. పెళ్లికూతురు మొగుడి చెయ్యి వదల్లేదు. ఆమె ఎప్పుడూ వదలదు.

చిన్నపిల్ల ఒకతె డిజైనరమ్మ ఒళ్లోకి తొంగిచూసింది. "అక్కా, కిటికీ నాకు అందేట్టు గియ్యి. ఊచలు పెట్టకు."

"పడిపోతావే."

"పడితే పడతా," అంది పిల్ల.

డిజైనరమ్మ కిటికీని కిందికి జరిపి గీసింది. ఒకటి మాత్రం ఆమెకి మొదటి రోజు నుంచీ గుబులుగానే ఉంది. ఎక్కడికి వెళ్లినా జనం ముందు అడిగేది, ఇల్లు ఎప్పటికి చేతికొస్తుందని. వీళ్లు ఇన్నాళ్లలో ఒక్కసారీ అడగలేదు.

"సంతకాలు కావాలి బాబాయ్," అంది కండక్టరుతో.

అందరూ తమ చేతులకేసి చూసుకున్నారు.

"సంతకాలు మావల్ల కాదమ్మా," అన్నాడు కండక్టరు చేతులు వెనక్కి పెట్టుకుంటూ. "పేర్లు చెబుతాం, రాసుకో. మీ సారుకి అది చాలు."

ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. ఆమె రాసుకుంది.

మర్నాడు పదింటికి కాగితం చీఫ్ ఇంజనీరు ముందు పెట్టింది.

"సంతకాలేవి?"

"పెట్టలేమన్నారు సార్. పేర్లు చాలన్నారు."

"బాగుంది! పేర్లు నేనూ రాయగలను." పెన్ను మూత తీసి, ప్లానులోని మెట్ల గీతల మీద అడ్డంగా కొట్టబోయాడు. ఎందుకో ఆగాడు. కాగితం దగ్గరికి లాక్కున్నాడు.

మొదటి పేరు పైకి చదివాడు. రెండోది చదివాడు. మూడోదానికి గొంతు తగ్గింది. నాలుగో పేరు దగ్గర కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

మిగతా ఏడు పేర్లూ కాగితం చూడకుండానే చెప్పాడు.

డిజైనరమ్మకి అర్థం కాలేదు. "మీకు వాళ్లు తెలుసా సార్?"

ఆయన ప్లాను తనవైపు తిప్పుకున్నాడు. రెండో మెట్లదారి గీతల్ని తన చేత్తోనే మళ్లీ దిద్దాడు. కింద సంతకం పెట్టాడు.

ఆ పదకొండు పేర్లనూ అదే వరుసలో మూడేళ్ల కిందట ఆయనే ఒకసారి పైకి చదివాడు, ఒక్క మెట్లదారితో తాను కట్టించిన మొదటి పెట్టె ఇల్లు కాలిపోయిన మర్నాడు, ఆసుపత్రి శవాల గది ముందు నిలబడ్డ బంధువులకి.