పెదవి కింద పురుగులు

"థూ! ఉమ్మెయ్‌రా వాటిని! మనిషివా, పశువువా?"

గోర్డన్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. బామ్మర్ది నెవిల్ కింది పెదవి ఉబ్బి ఉంది. ఆ పెదవికీ చిగుళ్లకీ మధ్య బతికున్న ఈగ పురుగులు కదులుతున్నాయి.

"చలికి కొయ్యబారిపోయాయి బావా," అన్నాడు నెవిల్, నోరు సగమే తెరిచి. "కదలని పురుగును బార్బెల్ చేప ముట్టదు. కాస్త వెచ్చబెట్టి గాలానికి గుచ్చామా, తైతక్కలాడతాయి. మా నాన్నా ఇట్లాగే చేసేవాడు."

"మీ నాన్న దేనికి పోయాడో ఇప్పుడు తెలిసింది."

నెవిల్ నవ్వాడు. నవ్వితే ఒక పురుగు బయటికి తొంగి చూసింది. 

ట్రెంట్ ఏటి గట్టున గడ్డి మంచుకు తెల్లగా బిగుసుకుపోయి ఉంది. ఇద్దరి మధ్యా, గుడ్డ సంచిలో, నెవిల్ నాన్న, ఆ పోయిన ముసలాయన గాలపు కర్ర. చీల్చిన వెదురుతో చేసింది. ఇప్పుడు అట్లాంటిది చేసేవాడు లేడు. కొడుకుని, నాదంటాడు నెవిల్. మంచాన పడ్డన్నాళ్లూ ఆయన్ని ఎత్తి దించింది నేను, నాదంటాడు గోర్డన్. ముసలాయన పోయిన దగ్గర్నుంచీ ఇదే గొడవ. విని విని గోర్డన్ పెళ్లాం మౌరీన్ తెగేసి చెప్పింది.

"ఆదివారం ఇద్దరూ ఏటికి పొండి. ముందు ఎవడి గాలానికి బార్బెల్ పడితే కర్ర వాడిది. మళ్లీ నా వంటింట్లో దాని పేరెత్తారో, విరిచి పొయ్యిలో పెడతా."

గోర్డన్ ఎరగా డబ్బా మాంసం ముక్కలు తెచ్చుకున్నాడు. ఎండాకాలం వాటికి ఎగబడే చేప, ఈ చల్లటి నీళ్లలో వాసన కూడా చూడటం లేదు. చలికాలం అది పురుగుకే నోరు తెరుస్తుంది. ఆ సంగతి అతనికీ తెలుసు. కానీ పురుగు పేరు చెబితేనే ఒళ్లు జలదరిస్తుంది. నెవిల్ ఫ్రిజ్‌లో వెన్న పక్కనే పురుగుల డబ్బా ఉంటుందని ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టడు.

"ఆకలేస్తోందా బావా?" నెవిల్ అవే వేళ్లతో పంది మాంసం కూరిన రొట్టె తుంచి చాచాడు.

"నువ్వే మేయి."

"పురుగంత శుభ్రమైంది లేదు బావా. మనిషి కంటే నయం."

"నీ కంటే నయమేలే. ముందు ఆ కాలు అటు తిప్పు. కంపు!"

నెవిల్ కుడికాలికి బూటు లేదు. కట్టు మీద ప్లాస్టిక్ సంచి తొడిగి తాడు బిగించాడు. షుగరు పుండు. క్రిస్మస్ ముందు పాదం తీసేయాలన్న డాక్టర్లు ఇప్పుడు అక్కర్లేదంటున్నారు. ఎట్లా మానుతోందో గోర్డన్ అడగలేదు. అడిగితే విడమరిచి చెబుతాడని భయం.

నెవిల్ గాలం ఒడ్డుకు లాగి మూలుగుతూ లేచాడు. "ఒంటికి పోయొస్తా. ఆ ఉన్ని సాక్సులో చిన్న డబ్బా ఉంది, అది మాత్రం ముట్టుకోకు బావా."

"నీ పురుగుల్ని ముట్టుకోవడానికి నాకేం పిచ్చా?"

నెవిల్ కుంటుకుంటూ పొదల వెనక్కి పోయాడు.

గోర్డన్ చూశాడు. గాలం పురుగులేమో మూతలేని పెట్టెలో బియ్యపు గింజల్లా బిగుసుకుని పడున్నాయి. వీటికేమో ఉన్ని సాక్సు, పసిపిల్లకు చుట్టినట్టు! దొంగ వెధవ. అసలు సరుకు దాచుకుని నాకు నీతులు చెబుతున్నాడు.

సాక్సులోంచి డబ్బా లాగి మూత తీశాడు. కొన్నే ఉన్నాయి. బలిసి, బూడిద రంగులో, మెలికలు తిరుగుతూ. పళ్లు బిగబట్టి అరచేతిలో పోసుకున్నాడు. అరచెయ్యి ఎప్పుడో మొద్దుబారిపోయింది. చూస్తుండగానే అవీ బిగుసుకోవడం మొదలుపెట్టాయి.

కర్ర వంక చూశాడు. పొదల వంక చూశాడు. కళ్లు మూసుకుని మొత్తం పెదవి కింద కుక్కుకున్నాడు.

మెత్తగా, జిగటగా, చిగుళ్ల వెంట పాకుతూ, నాలుకను వెతుక్కుంటూ. మందు వాసన లాంటిదేదో ముక్కుకు కొట్టింది. కళ్లవెంట నీళ్లు కారాయి. రెండు తీసి గాలానికి గుచ్చి నీళ్లలోకి విసిరాడు.

గాలం అడుక్కి చేరిందో లేదో, లాగుడు! చేతిలో తన గాలపు కర్ర విల్లులా వంగింది. కేక విని నెవిల్ ప్యాంటు సర్దుకుంటూ పరుగులాంటి నడకతో వచ్చాడు. పోటీ మరిచి వల అందుకున్నాడు. నాలుగు మీసాలు, బంగారపు పొలుసులు, చెయ్యంత చేప. నెవిల్ దాన్ని కళ్లారా చూసుకుని, గాలం విప్పి, అక్కడి ఆనవాయితీ ప్రకారం తల ఎదురునీటికి పెట్టి ఒడుపుగా వదిలేశాడు.

"మాటంటే మాటే," అంటూ నాన్న కర్ర ఎత్తి గోర్డన్ చేతిలో పెట్టాడు. "ఇంతకీ దేంతో పట్టావు బావా? ఆ మాంసంతోనా?"

గోర్డన్ ఆనందం పట్టలేకపోయాడు. కింది పెదవి వేలితో లాగి చూపించాడు. ఇంకా ఉన్నాయి.

"నీ సాక్సు సరుకుతోనే! దాస్తే దొరకదనుకున్నావురా? మీ నాన్నకి అసలు వారసుణ్ణి నేనే!"

నెవిల్ సాక్సు తీసి, డబ్బా తిరగేసి చూశాడు. తన సామాన్ల పెట్టె మీద మెల్లగా కూలబడ్డాడు.

"గాలానికి తెచ్చినవి కావు బావా అవి. ఆస్పత్రిలో వైద్యానికి పెంచినవి. పని అయిపోయింది, కాల్చేయాలంది నర్సమ్మ. నా కాలు నిలబెట్టినవాటిని కాల్చబుద్ధి గాక, ఆమె కళ్లుగప్పి ఏట్లో వదులుదామని తెచ్చా. పొద్దుటిదాకా నా పుండులో కుళ్లు తింటూ ఉన్నాయి."