ఉప్పలయ్య నోటి మాట

"ఇది నా తమ్ముని పెండ్లామే కాదు దొరా. కూలికొచ్చి ఇంట్ల చేరింది. వాడు సచ్చినంక చేను నాదంటున్నది."

భోపాల్‌పట్నం కచేరీలో, తహసీల్దారు ఎదుట, ఉప్పలయ్య ఈ మాట అన్నాడు. సోమమ్మకు ఒళ్లు మండిపోయింది. మగడు పోయి ఏడాది తిరగలేదు. అతను దున్నిన ఆ ఇంద్రావతి ఒడ్డు చేను తప్ప ఆమెకు మరో ఆధారం లేదు. దాన్ని మింగడానికి ఈ పెద్దమనిషి ఏకంగా ఆమె పెళ్లినే మింగేస్తున్నాడు.

"నాలుకకు నరం లేనోడా. మా లగ్గానికి పందిరి గుంజలు నాటింది నువ్వు గాదా?"

"ఇది కచేరీ. నోరు అదుపులో పెట్టుకో," అన్నాడు తహసీల్దారు. "నీ సాక్షిని పిలువు."

ఊరు ఊరంతా కూర్చుని తిన్న పెళ్లి అది. అయితేనేం, సగం ఊరు ఉప్పలయ్య చేలల్లోనే కూలి చేస్తుంది కాబట్టి అందరికీ ఒక్కసారే మతిమరుపు వచ్చింది. సాక్ష్యానికి వచ్చింది పక్క చేను రైతు కోస ఒక్కడే.

"కళ్లం కాడ ఉప్పలయ్య పటేలే నాతోటి అన్నడు," అన్నాడు కోస. "ఈ చేను నా తమ్మునిది, వాడు పోయిండు, ఇగ వాని పెండ్లాందే అన్నడు."

ఉప్పలయ్య వకీలు లేచాడు. "హుజూర్, ఇది విన్న మాట. కళ్లారా చూసింది కాదు. విన్న మాట సాక్ష్యం కాదు."

"దారిన పోయేవాడు అన్నదైతే నేనూ వినను," అన్నాడు తహసీల్దారు. "కానీ ఇది దావాలో ఎదుటి పక్షం తన నోటితో అన్న మాట. అది అతనికే ఎదురు నిలుస్తుంది. అనలేదంటే చెప్పుకోమను, ఇక్కడే ఉన్నాడుగా."

సోమమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఊరట ఎంతోసేపు నిలవలేదు.

"నేనన్లే దొరా. దేవి మీద ఒట్టు," అన్నాడు ఉప్పలయ్య, మంచినీళ్లు తాగినంత సులువుగా. "వీడు కల్లు తాగి కలగన్నడు."

తహసీల్దారు కలం కింద పెట్టాడు. "అన్నాడని ఒకడు, అనలేదని ఒకడు. ఇంకో సాక్షి లేకపోతే దావా కొట్టేయాల్సిందే."

ఇంకెవరూ లేరు. వకీలు ముసిముసిగా నవ్వుకున్నాడు. ఆ నవ్వు చూశాక సోమమ్మ కచేరీనీ లెక్కచేయలేదు, దొరనూ లెక్కచేయలేదు. కొంగు నడుముకు బిగించి నేరుగా ఉప్పలయ్య ముందుకు పోయి అరచెయ్యి చాచింది.

"దేవి సంగతి దేవి చూసుకుంటది. నా చేతుల చెయ్యేసి చెప్పు, నేను నీకేం గానని. చెప్తే ఇట్లనే పోత. మళ్ల ఆ చేను దిక్కు సూడ."

"హుజూర్, ఆ మాట రాసుకోండి," అన్నాడు వకీలు హుషారుగా. "ఒక్క ఒట్టుతో పీడ వదిలిపోతుంది. వెయ్యవయ్యా చెయ్యి."

ఉప్పలయ్య వెనక్కి జరిగాడు.

"ఏంది, ఎయ్యవా?" సోమమ్మ ఇంకో అడుగు ముందుకేసింది.

అతను గోడకు ఆనుకుపోయి, చేతులు రెండూ వీపు వెనక దాచుకుని, ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"గెలిచే దావా. వెయ్యమంటుంటే," వకీలు గదిమాడు.

ఉప్పలయ్యకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నీకేమన్న మతి ఉన్నదా వకీలు సాబ్? తమ్ముని పెండ్లాం చెయ్యి నేనెట్ల ముట్టుకుంట?"