లేబుల్ కింద అంకె

"అక్కడ ఆపండి," అన్నాడు విచారణాధికారి.

గోడ మీది పెద్ద తెరలో నడుస్తున్న ఆ రోజు రాడార్ బొమ్మ ఆగి, రెండు ఆకుపచ్చ చుక్కలు నిలిచిపోయాయి. ఒకటి పెద్ద విమానం. రెండోది పదకొండు మందితో కొండల మీది ఊరికి బయల్దేరిన చిన్న విమానం. ప్రతి చుక్క పక్కనా ఒక లేబుల్, అందులో విమానం పేరు, వేగం, ఎత్తు. పెద్ద విమానం లేబుల్ జరిగి జరిగి, చిన్నదాని ఎత్తు చెప్పే అంకె మీద ఎక్కి కూర్చుంది.

"ఈ క్షణంలో మీ చూపు ఎక్కడుందో చెప్పగలరా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

విమానాలకు దారి చెప్పే కంట్రోల్ రూమ్‌లో అందరూ ఆమెను అక్క అనేవాళ్ళు. వయసులో పెద్దవాళ్ళు కూడా. అక్కడున్న వాళ్ళలో సగం మందికి పని నేర్పింది ఆమే. ఆ రోజు పెద్ద విమానాన్ని కిందికి దిగమన్నది ఆమె గొంతే. అది దిగిన ఎత్తులోనే చిన్నది ఎగురుతోంది. పెద్దది రెక్క చివర విరిగినా ఎలాగో నేలకు చేరింది. చిన్నది చేరలేదు.

అధికారి బొమ్మను మెల్లగా ముందుకు నడిపించమన్నాడు. ఒకచోట లేబుల్ చటుక్కున చుక్కకు అవతలి వైపుకు దూకింది. ఆ దూకడంలో దాని కింద ఉన్న అంకె రెప్పపాటు బయటపడి, మళ్ళీ మరుగున పడింది.

విచారణంతా ఆ రెప్పపాటు చుట్టూనే తిరిగింది. మనిషి చూపు, ధ్యాస ఎలా పనిచేస్తాయో పరిశోధించే ప్రొఫెసర్ ఒకావిడను పిలిపించారు. ఆవిడ వేరే ఊళ్ళ కంట్రోలర్లను తెచ్చి, అదే తెర ముందు కూర్చోబెట్టి, అదే బొమ్మ చూపించింది. ఒక్కరూ ఆ అంకెను పట్టుకోలేకపోయారు. కన్ను తాను ఎదురుచూసేదాన్నే చూస్తుందనీ, ఖాళీ ఉందని నమ్మిన చోట దానికి ఖాళీయే కనిపిస్తుందనీ ప్రొఫెసర్ ఓపిగ్గా వివరించింది.

ఇక మిగిలింది ఆ రోజు మాటలు రికార్డయిన టేపులోని నిశ్శబ్దం. అంకె బయటపడ్డాక, పైలట్ కేక వినిపించేదాకా అక్క గొంతు ఎక్కడా లేదు. పెద్దదాన్ని మళ్ళీ పైకి లేపమని చెప్పడానికి ఒక్క మాట చాలు. దానికి వ్యవధి కూడా ఉంది.

"అదే రుజువు," అన్నాడు అధికారి. "చూసి ఉంటే నోరు తెరిచేవారు. చూసీ ఊరుకునే మనిషి ఎవరుంటారు?"

తప్పు తెరదేనని తేల్చారు. పాత తెరల్లో లేబుళ్ళను కంట్రోలర్లే చేత్తో పక్కకు జరుపుకునేవాళ్ళు. కొత్తదాంట్లో అవి వాటంతటవే జరుగుతాయి. ఆ ఏర్పాటు చేసిన డిజైనర్‌ని తెరలు తయారుచేసిన కంపెనీ ఇంటికి పంపేసింది. అతని ఫొటో పేపర్లలో పడింది.

ఆమె భర్త బడిలో లెక్కల మాస్టారు. చుట్టాలందరికీ తనే ఫోన్లు చేసి, మా ఆవిడ తప్పేమీ లేదని తేలిందని చెప్పుకున్నాడు. ఆమెకు మాత్రం ముద్ద దిగలేదు. మళ్ళీ ఉద్యోగంలో చేరనంది. ఇంటి మీదుగా విమానం వెళ్తే లేచి స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పేసేది. చప్పుడు పోయాక బయటికొచ్చేది. తోటివాళ్ళు పళ్ళు పట్టుకుని పలకరించడానికి వచ్చారు. నువ్వు లేకపోతే మమ్మల్ని తిట్టే దిక్కు లేదక్కా అని నవ్వించబోయారు. ఆమె టీ చల్లారిపోయేదాకా కప్పు అలాగే పట్టుకుని కూర్చుంది.

"అంతమందికీ కనబడనిది నీ ఒక్కదానికే కనబడాలా?" అన్నాడు భర్త ఒకరోజు. "నువ్వేమైనా దేవతవా?"

ఆమె భోరుమంది. దుఃఖం బయటికి రావడమే మంచిదని అతను వీపు నిమిరాడు.

ఒక మధ్యాహ్నం డిజైనర్ వచ్చాడు. ఫొటోలో కంటే చిన్నవాడిలా ఉన్నాడు. గడ్డం మాసిపోయింది. క్షమాపణ అడగడానికి వచ్చానన్నాడు. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చున్నాడు. మంచినీళ్ళిస్తే గ్లాసు కింద పెట్టేశాడు. తనకెవరూ ఉద్యోగం ఇవ్వడం లేదట. మీ నాన్నే విమానం కూల్చాడటగా అని బళ్ళో పిల్లలు అంటుంటే, భార్య పాపను తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయిందట. కంట్రోలర్ల చేతికి పని తగ్గిద్దామనే లేబుళ్ళు వాటంతటవే జరిగేలా చేశానని, ఇప్పుడు కళ్ళు మూసుకుంటే అవే దూకుతున్నాయని తల దించుకుని చెప్పాడు.

"ఒక్కటి అడగనా మేడమ్? తప్పుగా అనుకోకండి."

"అడుగు బాబూ."

"ఆ క్షణంలో అంకె మీకు ఏ కాస్తయినా కనిపించిందా? కనిపించి ఉంటే బావుండునని ఒక పిచ్చి ఆశ. అప్పుడు ఆ పదకొండు మందీ నా ఒక్కడి వల్లే పోయినట్టు కాదు కదా."

వంటగది గుమ్మంలో భర్త టీ కప్పులతో ఆగిపోయాడు. ఆమె తలెత్తి భర్త ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో అనుమానమన్నది మచ్చుకైనా లేదు.

"లేదు బాబూ," అంది. "కనిపించలేదు."

డిజైనర్ తల ఊపాడు. అంతేలెండి, అంతమందికి కనబడనిది మీకు మాత్రం ఎలా కనబడుతుంది అని గొణుక్కుంటూ లేచాడు. టీ తాగి వెళ్ళమన్నా ఆగలేదు. చెప్పులేసుకుని, గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగిపోయాడు.

భర్త తలుపు వేసి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. పాపం, అతని కష్టం చూస్తే జాలేస్తోంది, కానీ మధ్యలో నువ్వేం చేస్తావని అన్నాడు. ఆమె ఆ చేతి కింద కదలకుండా కూర్చుంది.

ఆ రోజు ఆ అంకె ఆమెకు స్పష్టంగా కనిపించింది.