చెంప మీది పులిపిరి

…కొడుకు పోయి నాలుగేళ్లైనా కాలేదు, అప్పుడే వాణ్ణి పాతకాలపు సమాధుల్లో కలిపేసింది ఈ కోడలు, అనుకుంటూ ఫిలొమేనా సమాధి ముందు ఆగిపోయింది. తను జ్వరపడి రాలేని ఆదివారాల్లో, సమాధి రాతిలో పొదిగిన కొడుకు కార్మినే కంచు ముఖం పచ్చగా చిలుము పట్టింది. కోడలు ఇమ్మా దాని మీద ఇంకా ఉప్పు కలిపిన వెనిగర్ చల్లుతోంది.

"ఆపవే! నేను తోమి మెరిపిస్తుంటే నువ్వు చిలుము పట్టిస్తావా? వీడు పోయి చాలాకాలమైందని ఊరు నమ్మితే ఇంకొకణ్ణి చేసుకోవచ్చనా?"

"చేసుకుంటే మీకు చెప్పే చేసుకుంటాను లెండి. ముందు ఆ చెంప తడమండి అత్తయ్యా. పులిపిరి ఏదీ?"

కంచు పోతపోసేవాడితో పోట్లాడి మరీ తను పెట్టించిన పులిపిరి అది. ఫిలొమేనా వేళ్లకు నున్నటి కంచు తగిలింది.

"నువ్వే గీకేశావు!"

"మీరే ఆ రాళ్లుప్పుతో అరగదీశారు. ఇదే వెనిగర్, ఉప్పు వేసి రుద్ది తుడిస్తే కంచు మెరుస్తుంది, ఆరనిస్తే పచ్చబడుతుంది. ఈ పచ్చపొర కింద ఆయన ముక్కైనా మిగులుతుంది."

"అవతలికి జరుగు."

ఫిలొమేనా సంచిలోంచి తన వెనిగర్ సీసా, ఉప్పు తీసింది. గుడ్డ తడిపి కొడుకు చెంప మీద మెల్లగా అద్దింది.

తుడవకుండానే గుడ్డ మడిచి సంచిలో పెట్టేసుకుంది.